ఇంగ్లండులో అద్దె ఫ్లాట్లు – అగ్నిభద్రత మదింపు: ఒక బాధ్యత చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• 1666 నుంచి నేటివరకు ఇంగ్లండులో అగ్నిభద్రత చట్టాలు ఏయే దశల్లో మారాయో వివరించగలుగుతారు.
• సర్టిఫికెట్ పద్ధతికి, మదింపు పద్ధతికి ఉన్న తేడాను చెప్పగలుగుతారు.
• ఒక్క ఫ్లాటును మాత్రమే అద్దెకిచ్చే యజమాని బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తించగలుగుతారు.
• లాకనాల్ హౌస్, గ్రెన్‌ఫెల్ టవర్ ప్రమాదాలను పోల్చి, వాటి నుంచి చట్టం నేర్చుకొన్నదేమిటో విశ్లేషించగలుగుతారు.

ఉపోద్ఘాతం

ఇల్లు అద్దెకు తీసుకొనేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు మీకు తెలిసినవే. అద్దె ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలది, నీళ్లకు ఇబ్బంది ఉందా, కరెంటు మీటరు వేరుగా ఉందా అని అడుగుతాం. అర్ధరాత్రి కింది అంతస్తులో మంటలు లేస్తే పిల్లలతో బయటపడే దారి ఏది అని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్న వేసుకోవలసింది ఎవరు? అద్దెకున్నవారా, ఇంటి యజమానా, భవనం మొత్తాన్ని చూసుకొనే సంస్థా, ప్రభుత్వమా? ఇంగ్లండు సమాజం ఈ ప్రశ్నతో 350 ఏళ్లకు పైగా కుస్తీ పడుతోంది.

ఒక భవనంలో ఒకే ఒక్క ఫ్లాటును కొని అద్దెకిచ్చే యజమాని పరిస్థితిని గమనించండి. ఫ్లాటు లోపలి భాగం అతనిది. మెట్లు, నడవా, బయటి గోడ, పైకప్పు మాత్రం మరొకరి అధీనంలో ఉంటాయి. కాగితం మీద ఈ హద్దులు స్పష్టంగానే కనిపిస్తాయి. కాని పొగకు ఆ హద్దులు తెలియవు. అది తలుపు కింది సందులోంచి నడవాలోకి, నడవాలోంచి మెట్లమీదికి, అక్కడి నుంచి పై అంతస్తులకు పోతుంది.

అగ్నిభద్రత చరిత్ర అనగానే నీటి గొట్టాలు, నిచ్చెనలు, అలారాల చరిత్ర అని అనుకొంటాం. అది నిజమే అయినా, కథలో అది సగం మాత్రమే. మిగతా సగం బాధ్యత చరిత్ర. బాధ్యత ఎవరిదో తేల్చడంలో ఇంగ్లండు చట్టం చాలాకాలం ఫ్లాటు గడప దగ్గరే ఆగిపోయింది. ఆ గడప దాటడానికి ఎంత కాలం పట్టిందో, ఎన్ని ప్రాణాలు పోయాయో ఈ పాఠంలో తెలుసుకొందాం.

1. గోడలను నమ్ముకొన్న కాలం: 1666–1847

1666 సెప్టెంబరు 2న లండన్‌లోని పుడింగ్ లేన్‌లో ఒక రొట్టెల బట్టీలో పుట్టిన మంట నాలుగు రోజులు నగరాన్ని కాల్చింది. సుమారు 13,200 ఇళ్లు, 87 చర్చిలు నాశనమయ్యాయి. మరుసటి సంవత్సరం, 1667లో, పార్లమెంటు పునర్నిర్మాణ చట్టం చేసింది. కొత్త ఇళ్ల బయటి గోడలు ఇటుకతోగాని రాతితోగాని ఉండాలని ఆ చట్టం శాసించింది. మంట ఒక ఇంటి నుంచి పక్కింటికి పాకకూడదన్నది దాని ఉద్దేశం. ఇంట్లో ఉన్న మనిషి ఎలా బయటపడాలన్నది అప్పటికి చట్టం ముందున్న ప్రశ్న కాదు.

1774 చట్టం ఈ ధోరణిని మరింత పటిష్ఠం చేసింది. ఇళ్లను తరగతులుగా విభజించి, రెండు ఇళ్లమధ్య ఉండే ఉమ్మడి గోడల మందాన్ని నిర్దేశించింది. ఆ చట్టంలోని 86వ సెక్షన్‌ను మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఎవరి ఇంట్లోనైనా అనుకోకుండా మంట పుడితే ఆ ఇంటివారిపై దావా వేయడానికి వీల్లేదని అది చెప్పింది. అంటే చట్టం ఒకవైపు గోడకు నియమం పెట్టి, మరొకవైపు మనిషికి మినహాయింపు ఇచ్చింది. 1847లో ఫిల్లిటర్ – ఫిప్పార్డ్ కేసులో న్యాయస్థానం ఈ మినహాయింపును కుదించింది. నిర్లక్ష్యం వల్ల పుట్టిన మంటను అనుకోని మంటగా పరిగణించరాదని తీర్పునిచ్చింది. బాధ్యత మనిషివైపు తిరగడంలో ఇదొక తొలి అడుగు. అయినా అది మంట ఆరిన తరవాత నష్టపరిహారం కోసం అడిగే బాధ్యతే. మంట రాకముందే ఆలోచించవలసిన బాధ్యత ఇంకా పుట్టలేదు.

2. ఎత్తయిన భవనాలు, కొత్త సిద్ధాంతం: 1962

రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఇళ్ల కొరతను తీర్చడానికి బ్రిటన్ నగరాల్లో ఎత్తయిన ఫ్లాట్ల భవనాలు లేచాయి. 1962లో వెలువడిన నిర్మాణ నియమావళి 80 అడుగులకు మించిన ఎత్తుగల ఫ్లాట్ల భవనాలకు ఒక సిద్ధాంతాన్ని స్థిరపరిచింది. ప్రతి ఫ్లాటూ నిప్పును తనలోనే బంధించే ఒక పెట్టెలా ఉండాలి. గోడలు, నేల, పైకప్పు, ముందు తలుపు మంటను కొంతసేపు ఆపగలగాలి. అప్పుడు మంట పుట్టిన ఫ్లాటువారు మాత్రమే బయటికి రావాలి. మిగిలినవారు తమ ఇళ్లలోనే ఉండవచ్చు. తరవాతి కాలంలో 'ఉన్నచోటే ఉండండి' అనే సూచనగా ఇది ప్రసిద్ధమైంది.

ఈ సిద్ధాంతం బలం, బలహీనత ఒకేచోట ఉన్నాయి. పెట్టెకు ఒక్క పక్క తెరచుకొన్నా లెక్క తప్పుతుంది. పెట్టెకున్న ఆరు పక్కల్లో రోజూ తెరిచి మూసేది ముందు తలుపు. తలుపును దానంతటదే మూసే స్ప్రింగు పరికరాన్ని విసుగుపుట్టి ఎవరో ఊడదీశారనుకోండి. ఆ ఒక్క ఫ్లాటు నుంచి వచ్చే పొగ అందరూ వాడే మెట్లదారిని నింపుతుంది. కాబట్టి ఒక ఫ్లాటు యజమాని శ్రద్ధ మీద పొరుగు కుటుంబాల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అయితే ఆ శ్రద్ధను చట్టం ఎవరికి అప్పగించిందో చూద్దాం.

3. తనిఖీ, సర్టిఫికెట్ కాలం: 1971

1969 డిసెంబరు 26న ఎసెక్స్‌లోని సాఫ్రన్ వాల్డెన్ పట్టణంలో రోజ్ అండ్ క్రౌన్ హోటల్ కాలిపోయి 11 మంది మరణించారు. రెండేళ్లలోపే 1971 నాటి అగ్నిప్రమాద జాగ్రత్తల చట్టం వచ్చింది. ప్రభుత్వం పేర్కొన్న రకం భవనాలకు అగ్నిమాపక అధికారుల నుంచి సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. మొదట హోటళ్లు, వసతి గృహాలు, ఆ తరవాత కర్మాగారాలు, కార్యాలయాలు, దుకాణాలు ఈ పరిధిలోకి వచ్చాయి.

మామూలు అద్దె ఫ్లాట్లు ఆ జాబితాలో చేరలేదు. హోటల్లో ఒక రాత్రి గడిపే అతిథికి దొరికిన రక్షణ, పదేళ్లుగా ఒక ఫ్లాటులో అద్దెకున్న కుటుంబానికి దొరకలేదు. దీని వెనక ఇంగ్లండులో బలంగా పాతుకొన్న ఒక భావన ఉంది. ఎవరి ఇల్లు వారికి కోటవంటిదని 1604 నాటి సెమేన్ కేసు నుంచి న్యాయవాదులు చెప్పుకొంటూ వచ్చారు. ఇంటి లోపలికి అధికారి అడుగుపెట్టడం అనుచితమని రాజకీయ నాయకులూ భావించారు. ఆ కోట అద్దెకు తీసుకొన్నది అయినప్పుడు, దాని తాళాలు, తీగలు, తలుపులు కోటలో ఉండే మనిషి చేతిలో ఉండవు. ఈ తేడాను చట్టం చాలాకాలం పట్టించుకోలేదు.

దీని ఫలితం పేదల గదుల్లో కనిపించింది. 1981 డిసెంబరులో లండన్ నాటింగ్ హిల్ ప్రాంతంలోని క్లాన్‌రికార్డ్ గార్డెన్స్‌లో గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన ఇళ్లలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. 1999లో స్కాట్లండులోని గ్లాస్గోలో కిటికీలకు ఇనుప ఊచలున్న ఒక అద్దె ఫ్లాటులో ఇద్దరు విద్యార్థులు మరణించారు. అక్కడ పనిచేసే పొగ అలారం లేదు. స్కాట్లండు 2000 నుంచి పలువురు కలిసి అద్దెకుండే ఇళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇంగ్లండు 2004 గృహవసతి చట్టం ద్వారా ఆ దారి పట్టింది. 2006లో మూడు అంతస్తులు, అంతకు మించిన ఇళ్లలో ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది వేర్వేరు కుటుంబాలవారు ఉంటే లైసెన్సు కావాలన్నారు. 2018లో అంతస్తుల షరతు తొలగించారు. అయితే మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఫ్లాట్లతో ప్రత్యేకంగా కట్టిన భవనంలోని ఫ్లాటుకు ఈ తప్పనిసరి లైసెన్సు వర్తించదు. చట్టం మళ్లీ ఆ గడప దగ్గరే ఆగిందని మీరు గమనించే ఉంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
'1971 చట్టం హోటల్ అతిథిని రక్షించింది కాని అద్దెదారును రక్షించలేదు.' ఐదారు వాక్యాల్లో వివరించండి.

4. మదింపు కాలం: 2005 ఉత్తర్వు

సర్టిఫికెట్ పద్ధతిలో ఒక లోపం ఉంది. అధికారి వచ్చిన రోజున మెట్లమీద సామాను ఉండదు. వెళ్లిన మర్నాడు సైకిళ్లు, పాత పరుపులు మళ్లీ చేరవచ్చు. సర్టిఫికెట్ మాత్రం గోడమీద అలాగే వేలాడుతుంది. 1989లో యూరోపియన్ సముదాయం కార్మికుల భద్రత కోసం తెచ్చిన ఆదేశం ఇంకో దారి చూపింది. ప్రమాద అవకాశాలను ముందుగా అంచనా వేయవలసింది ఆ స్థలాన్ని నడిపేవారేనని అది చెప్పింది. బ్రిటన్‌లో 1997లో పని ప్రదేశాల అగ్నిభద్రతకు ఈ సూత్రాన్ని వర్తింపజేశారు.

దీని పరిణతి రూపమే 2005లో జారీ అయి, 2006 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన అగ్నిభద్రత ఉత్తర్వు. ఇది పాత సర్టిఫికెట్లను రద్దు చేసింది. 'బాధ్యత గల వ్యక్తి' అనే కొత్త పాత్రను సృష్టించింది. ఆ వ్యక్తి తన అధీనంలోని స్థలానికి తగినంత వివరంగా మదింపు చేయాలి. దానిలో ఐదు మెట్లు ఉంటాయి:

ఒకటి, మంటకు కారణం కాగల వాటిని గుర్తించడం. వంటగది, పాత వైరింగు, మెట్లకింద చెత్త మొదలైనవి ఇందులోకి వస్తాయి.
రెండు, ఎవరు ప్రమాదంలో పడవచ్చో గుర్తించడం. వృద్ధులు, పసిపిల్లలు, నడవలేనివారి గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి.
మూడు, ప్రమాదాన్ని తూచి, తొలగించడం లేదా తగ్గించడం.
నాలుగు, కనుగొన్నది రాసిపెట్టడం, ప్రణాళిక వేయడం, అక్కడివారికి తెలియజేయడం.
ఐదు, పరిస్థితులు మారినప్పుడల్లా మళ్లీ పరిశీలించడం.

ఈ ఉత్తర్వు ఫ్లాట్ల భవనాల ఉమ్మడి భాగాలకు వర్తించింది. సొంతంగా నివసించే ఇంటి లోపలి భాగాన్ని మాత్రం మినహాయించింది. ఫ్లాటు ముందు తలుపు ఉమ్మడి భాగానికి చెందుతుందా, ఇంటికి చెందుతుందా? భవనం బయటి గోడ మాటేమిటి? ఉత్తర్వు ఈ ప్రశ్నలకు స్పష్టంగా జవాబు చెప్పలేదు. ఆ అస్పష్టతే తరవాత పెద్ద సమస్య అయింది.

5. రెండు భవనాలు, రెండు పాఠాలు

2009 జులై 3న దక్షిణ లండన్‌లోని క్యాంబర్‌వెల్‌లో లాకనాల్ హౌస్ అనే 14 అంతస్తుల భవనంలో, 9వ అంతస్తు ఫ్లాటులోని ఒక టెలివిజన్ నుంచి మంట పుట్టింది. ముగ్గురు పిల్లలతో సహా 6 మంది మరణించారు. భవనం యాజమాన్యం సదర్క్ కౌన్సిల్‌ది. 2005 ఉత్తర్వు ప్రకారం చేయవలసిన మదింపు అక్కడ జరగలేదు. 2017 ఫిబ్రవరిలో కౌన్సిల్ నేరాన్ని అంగీకరించింది. న్యాయస్థానం 2,70,000 పౌండ్ల జరిమానా విధించింది. తీర్పుకు దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ తీర్పు వచ్చిన నాలుగు నెలలకే, 2017 జూన్ 14 తెల్లవారుజామున, పశ్చిమ లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ 4వ అంతస్తులో ఒక ఫ్లాటు వంటగదిలో మంట లేచింది. 2016లో పూర్తయిన మరమ్మతుల్లో బయటి గోడలకు అమర్చిన పలకల మధ్య పాలిథిలిన్ ఉంది. మంట కిటికీ దాటి ఆ పలకలను అంటుకొని పైకి పాకింది. 72 మంది ప్రాణాలు కోల్పోయారు. సర్ మార్టిన్ మూర్-బిక్ నేతృత్వంలోని విచారణ సంఘం 2019లో ఇచ్చిన మొదటి నివేదిక, 'ఉన్నచోటే ఉండండి' అనే సూచనను ఆ రాత్రి చాలా ముందుగానే ఉపసంహరించి ఉండవలసిందని తేల్చింది. పలు ఫ్లాట్ల ముందు తలుపులకు వాటంతటవే మూసుకొనే పరికరాలు లేకపోవడమో, పనిచేయకపోవడమో జరిగిందని, దానివల్ల పొగ నడవాల్లోకి చేరిందని కూడా గుర్తించింది.

ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. లాకనాల్‌లో మదింపు లేదు. గ్రెన్‌ఫెల్‌లో మదింపు పత్రాలు ఉన్నాయి. అయినా రెండుచోట్లా మనుషులు చనిపోయారు. కాబట్టి మదింపు లేకపోవడం నేరమని మొదటి ఘటన నేర్పితే, మదింపు కాగితం ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదని రెండోది నేర్పింది. ఎవరు మదింపు చేశారు, వారికి ఆ అర్హత ఉందా, వారు బయటి గోడను, ముందు తలుపులను చూశారా, వారు చెప్పినది ఎవరైనా అమలు చేశారా అన్నవి అసలు ప్రశ్నలు. 2024 సెప్టెంబరులో వెలువడిన రెండో నివేదిక, మదింపు చేసేవారి సామర్థ్యాన్ని ధ్రువీకరించే విధానం తప్పనిసరిగా ఉండాలని సిఫారసు చేసింది.

6. గడప దాటిన చట్టం

గ్రెన్‌ఫెల్ తరవాత వచ్చిన 2021 అగ్నిభద్రత చట్టం పాత అస్పష్టతను తొలగించింది. భవన నిర్మాణం, బాల్కనీలతో సహా బయటి గోడలు, ఉమ్మడి భాగంలోకి తెరచుకొనే ఫ్లాటు తలుపులు 2005 ఉత్తర్వు పరిధిలోకే వస్తాయని స్పష్టం చేసింది. 2023 జనవరి 23 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, 11 మీటర్లకు మించిన భవనాల్లో ఉమ్మడి భాగాల అగ్నినిరోధక తలుపులను మూడు నెలలకొకసారి, ఫ్లాట్ల ముందు తలుపులను ఏడాదికొకసారి పరిశీలించాలి. 2023 అక్టోబరు 1 నుంచి మదింపును పూర్తిగా లిఖితపూర్వకంగా ఉంచడం తప్పనిసరి అయింది.

ఇప్పుడు ఒక్క ఫ్లాటును అద్దెకిచ్చే యజమాని విషయానికి వద్దాం. అతని బాధ్యతను గడప ఆధారంగా మూడు భాగాలు చేసుకొంటే మీకు సులభంగా గుర్తుంటుంది.

గడప బయట: మెట్లు, నడవా, బయటి గోడల మదింపు సాధారణంగా భవనం యజమానిది లేదా నిర్వహణ సంస్థది. ఫ్లాటు యజమాని ఆ మదింపులోని వివరాలు తెలుసుకొని, తన అద్దెదారుకు చేరేలా చూడాలి. ఒక పాత ఇంటిని రెండు ఫ్లాట్లుగా మార్చి, ఇల్లంతా తన చేతిలోనే ఉంచుకొన్న చిన్న యజమానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఉమ్మడి మెట్లకు అతనే బాధ్యత గల వ్యక్తి.

గడప మీద: ముందు తలుపు ఎవరి సొత్తో లీజు పత్రం చెబుతుంది. అది ఫ్లాటు యజమానిదే అయితే, దానిని మంట ఆపగలిగేదిగా, దానంతటదే మూసుకొనేదిగా ఉంచవలసింది అతనే. అందం కోసం మామూలు తలుపు బిగిస్తే పొరుగువారిని ప్రమాదంలోకి నెట్టినట్టే.

గడప లోపల: ఇక్కడ 2005 ఉత్తర్వు సాధారణంగా వర్తించదు. కాని ఇతర చట్టాలు వర్తిస్తాయి. 2015 నిబంధనల ప్రకారం ప్రతి అంతస్తులో పొగ అలారం ఉండాలి. అద్దె మొదలైన రోజున అది పనిచేస్తున్నదో లేదో పరీక్షించాలి. గ్యాస్ పరికరాలను ఏటా, విద్యుత్ అమరికను కనీసం ఐదేళ్లకొకసారి అర్హులైనవారితో తనిఖీ చేయించాలి. సోఫాలు, పరుపులు సులభంగా అంటుకోని రకానివై ఉండాలి. 1979లో మాంచెస్టర్ వూల్‌వర్త్స్ దుకాణంలో నురుగు కుర్చీలు, సోఫాలు కాలి 10 మంది చనిపోయిన ఘటన 1988 నాటి ఆ నిబంధనలకు ఒక ప్రేరణ. 2004 చట్టం కింద స్థానిక అధికారులు పరిశీలించే 29 రకాల గృహ ప్రమాదాల్లో అగ్ని ఒకటి. 2018లో వచ్చిన మరో చట్టం, నివాసయోగ్యం కాని ఇంటిపై అద్దెదారు నేరుగా న్యాయస్థానానికి వెళ్లే హక్కును ఇచ్చింది.

తేదీలు గమనించండి. హోటల్ అతిథి కోసం చట్టం 1971లో వచ్చింది. ప్రైవేటు అద్దె ఇంట్లో పొగ అలారం ఉండాలనే నియమం ఇంగ్లండు అంతటికీ 2015లో వచ్చింది. మధ్య 44 ఏళ్లు గడిచాయి.

7. మన సందర్భం

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. బ్రిటన్‌కు చదువుకోవడానికి వెళ్లే తెలుగు విద్యార్థుల్లో చాలామంది ఇలాంటి ఫ్లాట్లలోనే గదులు పంచుకొంటారు. అలారం గురించి, ముందు తలుపు గురించి అడిగే హక్కు తమకుందని వారికి తెలియాలి.

మన రాష్ట్రాల్లో 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం కింద 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తుగల నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. ఇది స్వభావరీత్యా 1971 నాటి ఇంగ్లండు సర్టిఫికెట్ పద్ధతికి దగ్గరగా ఉంటుంది. 2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది అంతస్తులో నిల్వచేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకొని, పై అంతస్తుల్లో ఉన్న 9 మంది చనిపోయారు. మెట్ల కింద ఏముందో, ఎవరు పెట్టారో రోజూ చూడవలసిన వ్యక్తి ఎవరన్న ప్రశ్న మన భవనాల్లోనూ అడగవలసిందే. ఏడాదికొకసారి వచ్చే అధికారి ఒక్కడే దానికి సమాధానం కాలేడు.

సారాంశం

ఇంగ్లండు అగ్నిభద్రత చట్టం మొదట గోడను, తరవాత అధికారి సర్టిఫికెట్‌ను, ఆ తరవాత బాధ్యత గల వ్యక్తి చేసే మదింపును నమ్ముకొంది. ప్రతి దశలోనూ ఇంటి గోప్యతపై గౌరవం కారణంగా అద్దె ఫ్లాటు చట్టం అంచున మిగిలింది. లాకనాల్, గ్రెన్‌ఫెల్ ప్రమాదాల తరవాత ముందు తలుపు, బయటి గోడ స్పష్టంగా చట్టం పరిధిలోకి వచ్చాయి. మదింపు ఒక కాగితం కాదు. ఒక నిర్దిష్టమైన వ్యక్తి ఒక నిర్దిష్టమైన భవనాన్ని కళ్లతో చూసి, లోపాన్ని సరిచేసి, మళ్లీ చూడడమే మదింపు.

కృత్యం

మీరు ఉంటున్న భవనంలో మీ ముందు తలుపు నుంచి వీధివరకు ఒకసారి నడవండి. దారిలో ఉన్న సామాను, తాళం వేసిన తలుపులు, మీటరు బోర్డులు, మెట్లకింద ఉన్న వస్తువులు రాసుకోండి. ఒక్కొక్కదాని పక్కన దానికి బాధ్యులు ఎవరో రాయండి. బాధ్యులెవరో తెలియని చోట ఖాళీ వదలండి. ఆ ఖాళీల గురించి మీ సంపర్క తరగతిలో చర్చించండి.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. 1666 నుంచి 2005 వరకు ఇంగ్లండులో అగ్నిభద్రత బాధ్యత ఎలా మారిందో చర్చించండి.
2. లాకనాల్ హౌస్, గ్రెన్‌ఫెల్ టవర్ ప్రమాదాలను మదింపు కోణంలో పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. 'ఉన్నచోటే ఉండండి' సిద్ధాంతం ఏయే షరతులపై ఆధారపడింది?
2. ఒక్క ఫ్లాటును అద్దెకిచ్చే యజమాని బాధ్యతలను గడప ఆధారంగా వర్గీకరించండి.
3. 1774 చట్టంలోని 86వ సెక్షన్, 1847 తీర్పుల ప్రాధాన్యమేమిటి?